పంచుకోవడానికి పనికొచ్చే సంఖ్య
శ్రీనివాస రామానుజన్ జీవితం

ఈసారి పుస్తకంలో ఎవరి జీవితం వేద్దామని అడిగినప్పుడు మేము శ్రీనివాస రామానుజన్ పేరు చెప్పాం. కొందరు మిత్రులు నవ్వారు. సిమెంటు, ఇనుము మధ్య బతికేవాళ్లకి గణిత మేధావితో ఏం పని అన్నారు. పని ఉందండీ. ఆయన కూడా మనలాగే కట్టుకున్న భార్యను, కన్నవాళ్లను వదిలి సముద్రం దాటినవాడు. సంపాదించిన దాంట్లో ఇంటికి కొంత కేటాయించినవాడు. పరాయి చలిలో ఒక్కడే వండుకు తిన్నవాడు. ఒంట్లో బాగాలేకపోయినా, మనసులో బాగాలేకపోయినా చాలాకాలం ఎవరికీ చెప్పుకోనివాడు. అక్కడ ఉన్నప్పుడు ఆయన చేసిన పెద్ద లెక్కల్లో ఒకటి మన సైటులో రోజూ మన చేతుల్లో నలిగేదే.

మేము సైటు వాళ్లం. డిప్లొమాలో నేర్చుకున్న లెక్కలే మాకు వచ్చిన లెక్కలు. కాబట్టి ఆ లెక్కను కూడా సైటు భాషలోనే చెప్తాం.

పన్నెండు మీటర్ల కడ్డీ

మనకి ట్రైలర్ మీద వచ్చే ఇనుప కడ్డీ పొడవు 12 మీటర్లు. దాన్ని 6 మీటర్ల ముక్కలుగా కోస్తే రెండొస్తాయి. 4 మీటర్లవి మూడు, 3 మీటర్లవి నాలుగు, 2 మీటర్లవి ఆరు. ఎలా కోసినా తుక్కు మిగలదు. అదే కడ్డీ 10 మీటర్లది అయితే? 5 మీటర్లు, 2 మీటర్లు, 1 మీటరు ముక్కలకే సరిపోతుంది. 3 మీటర్లవి కావాలంటే మీటరు ముక్క తుక్కులోకి పోతుంది. 11 మీటర్లది అయితే ఇంకా అన్యాయం. ఒక్కో మీటరు ముక్కలు తప్ప ఏం కోసినా మిగులే.

కారణం చిన్నప్పుడు బడిలో చెప్పిందే. ఒక సంఖ్యను శేషం లేకుండా భాగించేవాటిని దాని కారణాంకాలు అంటాం. 12కి 1, 2, 3, 4, 6, 12 అని ఆరు కారణాంకాలున్నాయి. 12 కంటే చిన్న సంఖ్య దేనికీ ఆరు లేవు. అంటే 12 దాకా లెక్కపెట్టుకుంటూ వస్తే, పంచుకోవడానికి అన్నిటికంటే బాగా పనికొచ్చేది 12.

ఇలా తనకంటే చిన్న సంఖ్యలన్నిటికంటే ఎక్కువ కారణాంకాలున్న సంఖ్యకు రామానుజన్ హైలీ కాంపోజిట్ నంబర్ అని పేరు పెట్టారు. 2, 4, 6, 12, 24, 36, 48, 60, 120, 180, 240, 360 అలా వస్తాయి. చూశారా, రోజుకి 24 గంటలు, గంటకి 60 నిమిషాలు, వృత్తానికి 360 డిగ్రీలు అన్నీ ఈ వరసలోనివే. భాగాలు చేయడానికి ఇంత వీలైన సంఖ్య వీటిలో ఒక్కోదానికంటే చిన్నవాటిలో వేరే లేదు.

ఇప్పుడు మన జేబులోని రియాల్ తీయండి. రియాల్‌కి 1000 బైసాలు. 1000కి ఉన్న కారణాంకాలు 16. దానికంటే చిన్నదైన 840కి 32 ఉన్నాయి. ముగ్గురం కలిసి ఒక రియాల్ పంచుకుంటే తలా 333 బైసాలు పోగా ఒక బైసా మిగులుతుంది. రియాల్‌కి 840 బైసాలే ఉండి ఉంటే తలా 280, తగాదా లేదు.

ఈ వరసను రామానుజన్ ఎంత దూరం తీసుకెళ్లారో చెప్పే ముందు ఆయన ఎక్కడి నుంచి వచ్చారో చెప్పాలి.

కుంభకోణం నుంచి రాజమండ్రి దాకా

1887 డిసెంబరు 22న ఈరోడులో, అమ్మమ్మ గారింట్లో పుట్టారు. పెరిగింది కుంభకోణంలో. నాన్న చీరల కొట్టులో గుమాస్తా. అమ్మ కోమలతమ్మాళ్ గుడిలో భజనలు పాడేది. డబ్బుకి కటకటే. రెండేళ్ల వయసులో మశూచి వచ్చింది, ఎలాగో బతికారు. వెనక పుట్టినవాళ్లు కొందరు పసితనంలోనే పోయారు.

బడిలో మాత్రం చురుకు. 1897లో ప్రైమరీ పరీక్షల్లో జిల్లాకే మొదటివాడు. పదహారేళ్లకి దగ్గరగా ఉన్నప్పుడు కార్ అనే ఆయన రాసిన గణిత పుస్తకం చేతికొచ్చింది. అందులో వేలకొద్దీ సూత్రాలున్నాయి, అవి ఎందుకు నిజమో వివరంగా ఉండదు. రామానుజన్ ఒక్కొక్కటి తనే రుజువు చేసుకుంటూ పోయారు. కాగితం కొనే శక్తి లేక పలక మీద చేసేవారు. మోచేత్తో తుడిచి మళ్లీ రాసేవారు. తేలిన ఫలితం మాత్రం నోటుబుక్కులోకి ఎక్కేది.

ఆ పిచ్చే కొంప ముంచింది. 1904లో కుంభకోణం ప్రభుత్వ కాలేజీలో స్కాలర్‌షిప్ మీద చేరారు. లెక్కలు తప్ప ఇంకేదీ చదవలేదు. పరీక్ష తప్పారు, స్కాలర్‌షిప్ పోయింది. ఫీజు కట్టే దారి లేదు. 1905 ఆగస్టులో ఇంట్లో చెప్పకుండా విశాఖపట్నం వైపు రైలెక్కారు. రాజమండ్రిలో నెల రోజుల దాకా ఉన్నారు. మన గోదావరి ఒడ్డున, చేతిలో డబ్బు లేక, ఇంటికి మొహం చూపించలేక తిరిగిన ఆ పదిహేడేళ్ల కుర్రాడిని తలుచుకుంటే మాకు మన ఊళ్లలో ఇంటర్ తప్పి, ఏజెంట్ చుట్టూ తిరిగే పిల్లలు గుర్తొస్తారు.

తర్వాత మద్రాసు పచ్చయప్ప కాలేజీలో చేరారు. అక్కడా అదే వరస, పైగా జబ్బు. 1906లో ఒకసారి, 1907లో ఇంకోసారి ఎఫ్.ఏ. పరీక్ష తప్పారు. ఎఫ్.ఏ. అంటే ఇప్పటి ఇంటర్ అనుకోండి. ఇంక డిగ్రీ ఆశ పోయింది.

నెల్లూరు కలెక్టరు

1909లో పెళ్లి చేశారు. జానకి అప్పటికి పదేళ్ల పిల్ల. పెళ్లయ్యాక ఉద్యోగం లేకపోతే ఎలా? నోటుబుక్కులు చంకలో పెట్టుకుని తలుపు తలుపూ తట్టారు. 1910లో తిరుక్కోయిలూరులో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న రామస్వామి అయ్యర్‌ని కలిశారు. భారత గణిత సంఘాన్ని స్థాపించింది ఆయనే. నోటుబుక్కులు తిరగేసి, ఇలాంటివాడిని తాలూకా ఆఫీసులో చిన్న గుమాస్తాగా కూర్చోబెడితే పాపం అనుకున్నారు. మద్రాసులో తెలిసినవాళ్లకి ఉత్తరాలు రాసిచ్చారు.

అలా దొరికినవారే ఆర్. రామచంద్రరావు. అప్పుడు ఆయన మన నెల్లూరు జిల్లా కలెక్టరు. మొదట నమ్మలేదు. మాసిన బట్టలతో వచ్చిన ఈ కుర్రాడివి నిజంగా సొంత లెక్కలేనా అని అనుమానం. కూర్చోబెట్టి వింటూ పోతే తనకి అందని ఎత్తుకు వెళ్లిపోయాడని తెలిసింది. ఏం కావాలని అడిగితే రామానుజన్ కోరింది పెద్ద ఉద్యోగం కాదు. లెక్కలు చేసుకుంటూ బతకడానికి రెండు ముద్దలు దొరికితే చాలన్నారు. కలెక్టరు గారు నెలకి 25 రూపాయలు పంపడం మొదలుపెట్టారు.

అయితే పని చేయకుండా ఒకరి డబ్బు తినడం రామానుజన్‌కి నచ్చలేదు. 1912 మార్చి 1న మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా చేరారు. జీతం నెలకి 30 రూపాయలు. ఓడరేవు ఆఫీసులో పారేసే ప్యాకింగు కాగితాలు ఏరుకుని వాటి మీద లెక్కలు చేసేవారు. ఆయన అదృష్టం ఏమిటంటే పైవాళ్లు మంచివాళ్లు. మేనేజరు నారాయణ అయ్యర్, ఛైర్మన్ సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ ఇద్దరూ ఆయన విలువ పట్టుకున్నారు. కింద పనిచేసేవాడిలో ఏముందో చూసే పైవాడు దొరకడం ఎంత అరుదో సైటులో ఉన్న మనకి తెలుసు.

1913 జనవరి 16న ఇంగ్లండులోని కేంబ్రిడ్జి గణితవేత్త జి.హెచ్. హార్డీకి ఉత్తరం రాశారు. అంతకుముందు ఇద్దరు గణితవేత్తలకి రాస్తే ఫలితం లేకపోయింది. హార్డీ మాత్రం పక్కన పడేయలేదు. స్నేహితుడు లిటిల్‌వుడ్‌తో కలిసి కూర్చుని ఆ సూత్రాలన్నీ పరీక్షించి, ఇవి మోసగాడి రాతలు కావు, మొదటి వరస గణితవేత్తవి అని తేల్చుకున్నారు. జవాబు వచ్చింది. దాంతో మద్రాసు యూనివర్సిటీ కదిలింది. డిగ్రీ లేని గుమాస్తాకి నెలకి 75 రూపాయల స్కాలర్‌షిప్ ఇచ్చింది.

ఓడ ప్రయాణం

హార్డీ రమ్మన్నారు. అప్పట్లో ఆచారం ఉన్న ఇళ్లలో సముద్రం దాటితే వెలివేతే. అమ్మ మొదట ఒప్పుకోలేదు. తర్వాత తమ ఇలవేల్పు నామగిరి అమ్మవారు కలలో కనిపించి అడ్డు చెప్పొద్దన్నదని చెప్పి ఒప్పుకుంది. ఓడెక్కే ముందు పిలక తీసేయాల్సి వచ్చింది. బూట్లు, కోటు వేసుకోవడం నేర్చుకోవాల్సి వచ్చింది. ఆ వేషంలో తనను చూసి బాధపడతారని అమ్మను, జానకిని ముందే ఊరికి పంపించేశారు. ఎయిర్‌పోర్టు గేటు దగ్గర వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్లిపోయినవాళ్లకి ఈ మాట వేరే వివరించక్కర్లేదు.

1914 మార్చి 17న నెవాసా అనే ఓడలో మద్రాసు నుంచి బయలుదేరారు. సలాలా, దుక్మ్ ముందు కనిపించే ఈ అరేబియా సముద్రం మీదుగానే, సూయజ్ కాలువ గుండా వెళ్లి, ఏప్రిల్ 14న లండన్ చేరారు. అంటే దాదాపు నెల రోజులు. మనం మస్కట్ నుంచి హైదరాబాదుకి కొన్ని గంటల్లో దిగిపోతాం.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, మనవాళ్లు ముందు అడిగేది అదే. మద్రాసు యూనివర్సిటీ ఏడాదికి 250 పౌండ్లు ఇచ్చింది. అందులో 50 పౌండ్లు ఊళ్లో ఇంటికి కేటాయించారు. కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కాలేజీ ఇంకో 60 పౌండ్లు ఇచ్చింది. లెక్కల మనిషి తన జీతంలో మొదట వేసుకున్న లెక్క ఇంటి వాటా.

పెద్ద సంఖ్య

కేంబ్రిడ్జి చేరిన మరుసటి ఏడాది, 1915లో, ఆయన పెద్ద పరిశోధన అచ్చయింది. మనం 12 మీటర్ల కడ్డీతో మొదలుపెట్టిన వరస గురించే అది. 2, 4, 6, 12 అని మొదలైన ఆ వరసను కంప్యూటర్ లేకుండా, క్యాలిక్యులేటర్ లేకుండా వందకు పైగా సంఖ్యల దాకా చేత్తో లెక్కగట్టి పట్టిక వేశారు. పట్టికలో చివరి సంఖ్య ఇది:

67,46,32,83,88,800

అంటే ఆరు లక్షల డెబ్బై నాలుగు వేల ఆరువందల ముప్పై రెండు కోట్ల ఎనభై మూడు లక్షల ఎనభై ఎనిమిది వేల ఎనిమిది వందలు. దీనికి ఉన్న కారణాంకాలు 10,080. ఇంతకంటే చిన్న సంఖ్య దేనికీ అన్ని లేవు. 1 నుంచి 28 దాకా ఏ సంఖ్యతో భాగించినా ఇది శేషం లేకుండా తెగుతుంది. 29 దగ్గరే మొదటిసారి ఆగుతుంది.

పదివేల కారణాంకాలను ఒక్కొక్కటీ రాసి లెక్కపెట్టారా? లేదు. దానికో కిటుకు ఉంది. మనకి గోడకి ఇటుక ఎలాగో సంఖ్యకి ప్రధాన సంఖ్యలు అలాగ. 2, 3, 5, 7, 11 ఇవన్నీ ఇక ముక్కలు కాని ఇటుకలు. 12 అంటే రెండు 2లు, ఒక 3. కారణాంకం కట్టాలంటే ఈ ఇటుకల్లోంచే తీసుకోవాలి. 2లు ఏమీ తీసుకోకపోవచ్చు, ఒకటి తీసుకోవచ్చు, రెండూ తీసుకోవచ్చు. అంటే మూడు దార్లు. 3 తీసుకోవచ్చు, మానేయొచ్చు. రెండు దార్లు. 3ని 2తో గుణిస్తే 6. అవే 12కి ఉన్న ఆరు కారణాంకాలు.

ఆ పెద్ద సంఖ్యలో 2లు ఆరు, 3లు నాలుగు, 5లు రెండు, 7లు రెండు, ఆ తర్వాత 11, 13, 17, 19, 23 ఒక్కొక్కటి. ఒక్కోదానికి ఒకటి కలిపి గుణించండి. 7 × 5 × 3 × 3 × 2 × 2 × 2 × 2 × 2 చేస్తే 10,080 వస్తుంది. కావాలంటే ఫోనులో చేసి చూడండి.

ఇందులో ఇంకో అందం ఉంది. చిన్న ఇటుకలు ఎక్కువ, పెద్దవి పోనుపోను తక్కువ. కింద వెడల్పు, పైన సన్నం, కట్టడం లాగే. ఇది ఈ ఒక్క సంఖ్యకే కాదు, వరసలోని ప్రతి సంఖ్యకూ ఇలాగే ఉండి తీరుతుందని రామానుజన్ రుజువు చేశారు. ఎందుకో 18తో చూద్దాం. 18 అంటే ఒక 2, రెండు 3లు. దానికీ ఆరు కారణాంకాలే. కానీ ఇటుకలు తారుమారు చేసి రెండు 2లు, ఒక 3 పెడితే 12 వస్తుంది, కారణాంకాలు అవే ఆరు. తక్కువ సరుకుతో అదే పని అయినప్పుడు 18 ఎందుకు? అందుకే 18కి వరసలో చోటు లేదు. ఇంకా ఏం చూపించారంటే, పైవరస ఇటుక ఎప్పుడూ ఒక్కటే ఉంటుంది. 4, 36 అనే రెండు సంఖ్యలు మాత్రమే దీనికి మినహాయింపు.

ఈ పరిశోధనకే 1916 మార్చిలో కేంబ్రిడ్జి ఆయనకి డిగ్రీ ఇచ్చింది. ఎఫ్.ఏ. రెండుసార్లు తప్పిన మనిషికి మొదటి డిగ్రీ.

తప్పిపోయిన ఒక సంఖ్య

మా పని చెకింగు కాబట్టి ఈ సంగతి వదలలేం. ఆ పట్టికలో ఒక సంఖ్య తప్పిపోయింది. అది 2,93,31,86,25,600. దానికి 5,040 కారణాంకాలు. వరసలో ఉండాల్సిన సంఖ్యే, రామానుజన్ చేతిలోంచి జారిపోయింది. తర్వాతివాళ్లు చూసి పట్టుకున్నారు. ఇంకో తమాషా ఏమిటంటే, తప్పిపోయిన ఆ సంఖ్యను 23తో గుణిస్తే సరిగ్గా పట్టికలోని చివరి సంఖ్య వస్తుంది. చివరిదాన్ని పట్టుకున్నారు, దాన్ని మోస్తున్నది కంటపడలేదు.

దీనివల్ల ఆయన కొంచెం కూడా చిన్నబోలేదు. రుజువులు రుజువులుగానే నిలిచాయి. మాకు దీంట్లో కనిపించింది ఒకటే. అంత పెద్దవాడి పట్టికనైనా రెండో మనిషి చూడాల్సిందే. స్లాబు పోసే ముందు స్టీలును ఇంకొకరు లెక్కపెట్టడం మనల్ని అవమానించడానికి కాదు. బాగా వచ్చినవాడి కన్ను కూడా ఒక్కోసారి దాటిపోతుంది.

ఎవరికీ చెప్పని బాధ

ఇంతా చేసిన ఏళ్లు ఎలాంటివి? ఓడ దిగిన నాలుగు నెలలకే, 1914 ఆగస్టులో, ఇంగ్లండు మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది. పాలు, కూరగాయలు దొరకడం కష్టమైపోయింది. రామానుజన్ గట్టి శాకాహారి. కాలేజీ మెస్సులో తినేవారు కాదు. గదిలో తనే వండుకునేవారు. లెక్కలో పడితే ఒక్కోసారి వంటా లేదు, నిద్రా లేదు. చలికి ఎలా పడుకోవాలో కూడా తెలియలేదు. గదికి వచ్చిన తోటి భారతీయుడు మహలనోబిస్ చూస్తే, మంచం మీద పరిచిన కంబళ్ల పైన కోటు వేసుకుని, శాలువా కప్పుకుని పడుకుంటున్నారట. కంబళ్ల కింద దూరాలని ఎవరూ చెప్పలేదు, ఆయన ఎవరినీ అడగలేదు. మన క్యాంపులకి కొత్తగా వచ్చిన కుర్రాళ్లు ఏసీ రిమోట్ దగ్గర, గ్యాస్ స్టవ్ దగ్గర అడగడానికి సిగ్గుపడి నిలబడిపోవడం మేము చూశాం. అది తెలివి తక్కువై కాదు.

ఇంటి నుంచి ఉత్తరాలు కూడా సరిగా లేవు. అత్తాకోడళ్లకి పడలేదు. జానకి ఉత్తరాలు ఆయనకి, ఆయన ఉత్తరాలు జానకికి చేరకుండా తల్లి ఆపేది. చివరికి జానకి తోడబుట్టినవాడి ఇంటికి వెళ్లిపోయింది. దూరాన ఉన్న మనిషికి ఇవేమీ తెలియవు. తెలిసింది ఒక్కటే, ఇంటి నుంచి మాట లేదు. ఆయన కూడా రాయడం తగ్గించేశారు.

1917లో జబ్బు పడ్డారు. ఆస్పత్రి తర్వాత ఆస్పత్రి తిప్పారు. క్షయ అన్నారు. చాలా ఏళ్ల తర్వాత, 1994లో, ఒక డాక్టరు పాత రికార్డులన్నీ చూసి, అది కాలేయానికి పట్టిన అమీబా జబ్బు అయ్యుంటుందని రాశారు. ఊళ్లో ఉన్నప్పుడు వచ్చిన విరేచనాల జబ్బు పూర్తిగా తగ్గక లోపల మిగిలిపోయి ఉంటుందని ఆయన అభిప్రాయం. అదే అయితే ఆ రోజుల్లోనే దానికి వైద్యం ఉంది.

1918 మొదట్లో ఒక రోజు లండన్ భూగర్భ రైల్వే స్టేషన్‌లో ఆయన ప్రాణం తీసుకోబోయారు. రైలు సమయానికి ఆపగలిగారు కాబట్టి గాయాలతో బయటపడ్డారు. హార్డీ పరుగున వెళ్లి పోలీసుల నుంచి విడిపించుకొచ్చారు. రోజూ పక్కన కూర్చుని లెక్కలు చేసిన హార్డీకి కూడా అప్పటిదాకా ఆయన మనసు ఆ స్థితిలో ఉందని తెలియలేదు.

ఈ భాగం రాయాలా వద్దా అని మేము చాలాసేపు అనుకున్నాం. రాయడానికి కారణం మా క్యాంపులోనే ఉంది. ఒక అన్న కడుపునొప్పిని మూడు నెలలు దాచాడు. సెలవు పెడితే జీతం పోతుందని, జబ్బు బయటపడితే ఇంటికి పంపించేస్తారని భయం. ఇంటికి ఫోన్ చేసినప్పుడు బాగున్నాననే చెప్పేవాడు. ఒక మధ్యాహ్నం పని మీదే కూలబడ్డాడు. ఆపరేషన్ అయింది, ప్రాణం దక్కింది, కానీ మళ్లీ బరువు ఎత్తే పని చేయలేక ఊరెళ్లిపోయాడు. మేము ఆయన పక్క మంచం వాళ్లం. ఒకే గిన్నెలో అన్నం వండుకున్నవాళ్లం. అన్నం సగం వదిలేస్తున్నాడని చూశాం కానీ అడగలేదు.

టాక్సీ నంబరు, తిరుగు ప్రయాణం

ఆ గండం గడిచాక రామానుజన్‌కి మంచి రోజులు కూడా వచ్చాయి. అది మరిచిపోకూడదు. 1918లోనే రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. అంతకుముందు ఆ గౌరవం దక్కిన భారతీయుడు ఒక్కరే. అదే ఏడాది అక్టోబరులో ట్రినిటీ కాలేజీ ఫెలోగా ఎన్నుకుంది. అక్కడ అలా ఎన్నికైన మొదటి భారతీయుడు ఆయనే. ప్రాణం పోయి ఉంటే ఇవేవీ చూసేవారు కాదు.

అందరికీ తెలిసిన టాక్సీ కథ ఆస్పత్రి రోజులదే. పట్నీ అనే చోట ఆస్పత్రిలో ఉంటే హార్డీ చూడటానికి వెళ్లారు. ఏం మాట్లాడాలో తెలియక, తను వచ్చిన టాక్సీ నంబరు 1729 అని, అందులో విశేషమేమీ లేనట్టుందని అన్నారు. మంచం మీదున్న రామానుజన్ వెంటనే కాదన్నారు. రెండు ఘనాల మొత్తంగా రెండు రకాలుగా రాయగలిగిన సంఖ్యల్లో అన్నిటికంటే చిన్నది అదేనన్నారు. 12 ఘనం 1728, దానికి 1 కలపండి. లేదా 10 ఘనం 1000, 9 ఘనం 729, రెండూ కలపండి. రెండు దార్లలోనూ 1729. అందరూ ఈ కథను ఆయన తెలివికి గుర్తుగా చెప్తారు. మాకు మాత్రం హార్డీ టాక్సీ కట్టుకుని వెళ్లడమే ఎక్కువ గుర్తుంటుంది. మాట దొరక్కపోయినా వెళ్లి పక్కన కూర్చున్నాడు.

1919 ఫిబ్రవరి 27న నగోయా అనే ఓడలో బయలుదేరి నెల రోజులకి బొంబాయి చేరారు. బయలుదేరే ముందు మద్రాసు యూనివర్సిటీ ఏడాదికి 250 పౌండ్లు ఇస్తామంది. ఆయన రాసిన జవాబు ఏమిటంటే, తల్లిదండ్రులకి 50 పౌండ్లు, తన ఖర్చులు పోగా మిగిలింది పేద పిల్లల, అనాథల బడి ఫీజులకి, పుస్తకాలకి వాడమని. ఫీజు కట్టలేక రాజమండ్రి దాకా పారిపోయిన కుర్రాడు ఆ రోజును మరచిపోలేదు.

జానకి ఆయన దగ్గరికి వచ్చేసింది. ఆఖరి ఏడాది ఆమే సేవ చేసింది. మంచం మీద కూడా లెక్కలు ఆపలేదు. 1920 జనవరిలో హార్డీకి రాసిన చివరి ఉత్తరంలోనూ కొత్త గణితమే. 1920 ఏప్రిల్ 26న మద్రాసు చేట్‌పట్‌లో కన్నుమూశారు. వయసు 32. మనలో చాలామంది ఈడు అదే. చివరి రోజుల్లో రాసిన కాగితాలు 1976లో ట్రినిటీ కాలేజీ లైబ్రరీలో బయటపడితే, అప్పటి నుంచి గణితవేత్తలు వాటి మీద పని చేస్తూనే ఉన్నారు. జానకమ్మ గారు కుట్టుపని చేసుకుని బతికి, 1994 దాకా ఉన్నారు. ఆయన పుట్టినరోజు డిసెంబరు 22ను మన దేశంలో జాతీయ గణిత దినంగా జరుపుతున్నారు.

మిత్రులారా, ఈ శుక్రవారం ఇంటికి వీడియో కాల్ చేసినప్పుడు పిల్లలకి ఒక లెక్క ఇవ్వండి. 100 లోపు సంఖ్యల్లో అన్నిటికంటే ఎక్కువ కారణాంకాలున్నవి ఏవో కనిపెట్టమనండి. జవాబు ఇక్కడే ఇచ్చేస్తాం, మీకు తెలియకపోతే పరువు పోతుంది కదా. 60, 72, 84, 90, 96. అయిదింటికీ తలా పన్నెండు. వాటిలో మొదట వచ్చేది 60 కాబట్టి రామానుజన్ వరసలో చోటు దానికే.

లెక్క అయ్యాక వాళ్లు ఎలా ఉన్నావని అడుగుతారు. ఆ ఒక్కసారికి నిజం చెప్పండి. ఫోన్ పెట్టేశాక పక్క మంచం వైపు తిరిగి, అన్నం తిన్నావా అని అడగండి.